టీచరమ్మ జవాబులు: మోయలేని పేర్లు

పోయిన నెల ఒక తల్లి, కూతురి పేరు గురించి అడిగితే ఇక్కడ నాలుగు వాక్యాల్లో జవాబిచ్చాను. అప్పటి నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పేర్ల గురించే ఉన్నాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్లు తెలుగు చెప్పాను. రోజూ పొద్దున హాజరు పట్టీ తీసి పేర్లు చదవడంతోనే నా పని మొదలయ్యేది. ఏ పేరు పిలిస్తే ఏ పిల్ల తల దించుకుంటుందో, ఏ పిల్లాడు గొంతు పెంచి "ప్రెజెంట్" అంటాడో నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం పేర్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. నా పేరు పెంటయ్య. వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆన్‌లైన్ మీటింగులో నా పేరు తెర మీద కనపడితే తెలుగువాళ్లు నవ్వుతారు, మిగతావాళ్లకు అర్థం చెబుతారు. పెళ్లి సంబంధాలు పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రణవ్ అని మార్చుకుందామని ఉంది. అమ్మతో అంటే ఏడుస్తోంది. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పోయారట. ఇలాంటి పేరు ఎందుకు పెట్టారని అడిగితే "నువ్వు దక్కాలని" అంటుంది తప్ప ఇంకేమీ చెప్పదు. ఏం చేయమంటారు?

జవాబు: బిడ్డా, మీ అమ్మ చెప్పలేకపోయింది నేను చెబుతాను, ఎందుకంటే అది మా ఇంట్లోనూ జరిగింది.

మాది సూర్యాపేట వైపు. మా అన్న పేరు బిక్షం. అన్నకు ముందు అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే పోతే, ఇంకొకడు నడక నేర్చాక అమ్మవారు పోసి పోయాడు. మశూచి మన దేశంలో 1975 వరకూ ఉంది. అప్పట్లో మా ఊళ్లో డాక్టరు లేడు, ఆస్పత్రికి పోవాలంటే బండి కట్టాలి. మూడోసారి అమ్మ నొప్పులు పడుతున్నప్పుడే మా నాయనమ్మ చేట కడిగి పక్కన పెట్టుకుందట. బిడ్డ ఏడ్వగానే మంత్రసాని ఆ చేటలో పడుకోబెట్టి, పెరట్లో పెంటకుప్ప మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటి అవ్వ పోయి "ఎవరో బిడ్డను పారేసుకున్నరు, నేను తెచ్చుకున్న" అని గట్టిగా, పదిమందికీ వినపడేటట్టు అరిచింది. అప్పుడు మా అమ్మ, పచ్చి బాలింత, గడపలో నిలబడి కొంగు పట్టింది. "నాకు బిడ్డను బిచ్చం పెట్టు తల్లీ" అని అడిగింది. అవ్వ చేతిలో దోసెడు నూకలు పోసి బిడ్డను కొంగులోకి తీసుకుంది. ఆ రోజు నుంచి వాడు బిక్షం.

ఇదంతా ఎవరి కోసమంటే, బిడ్డల్ని ఎత్తుకుపోయే ఆ చావు కోసం. "ఇది మాకు కావలసిన బిడ్డ కాదు, పెంట మీద పారేసింది, అడుక్కుని తెచ్చుకున్నది, దీన్ని నువ్వు కూడా తీసుకోవాల్సినంత విలువేం లేదు" అని చావును నమ్మించడం. అందుకే పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య, బిచ్చయ్య, బిక్షపతి. కోస్తా వైపు అయితే ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అన్నారు. పుల్లాకు అంటే తిని పారేసిన ఆకు. నూకలిచ్చి కొన్న పిల్లాణ్ణి నూకయ్య అన్నారు. ప్రమాదం తప్పినవాణ్ణి "వీడికి భూమ్మీద ఇంకా నూకలున్నాయి" అంటాం కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మ దోసిలి గుర్తొస్తుంది.

ఈ పేర్లతో బతికి పేరు తెచ్చుకున్నవాళ్లు తక్కువేం లేరు. తెలుగు సినిమా తొలి తరం దర్శకుల్లో ఇద్దరు పుల్లయ్యలున్నారు, సి. పుల్లయ్య, పి. పుల్లయ్య. మా వైపు బొమ్మగాని ధర్మభిక్షంగారు స్వాతంత్ర్య సమరయోధులు. 1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకు ఫ్లోరైడ్ నీళ్ల మీద నిరసనగా జనం నామినేషన్లు వేస్తే 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అంత పెద్ద బ్యాలెట్‌లో వెతుక్కుని మరీ జనం గెలిపించుకున్నది ఆయన్నే.

ఇదంతా పేరు మార్చుకోవద్దని చెప్పడానికి కాదు. మీ పేరును రోజూ మోసేది మీరు. ఆ పేరు చేయాల్సిన పని చేసేసింది, మీరు బతికారు. మార్చుకోండి. కానీ ముందు ఒక పని చేయండి. ఆదివారం ఊరికి పోయి, అమ్మ పక్కన కూర్చుని, "నన్ను ఎక్కడ పడుకోబెట్టారు? ఎవరు ఎత్తుకున్నారు? ఏమిచ్చి తెచ్చుకున్నావు?" అని అడగండి. పోయిన ఆ ఇద్దరి గురించి కూడా అడగండి. మీరు పేరు వద్దంటున్నప్పుడు ఆమెకు వాళ్లు గుర్తొస్తున్నారు, అందుకే ఆ ఏడుపు. ఇంట్లో ఆమె ఏ పేరుతో పిలిచినా పలుకుతానని చెప్పండి. ఆ మాట చాలు ఆమెకు.

ఇక కాగితాల పని. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాలి. పాత పేరు, కొత్త పేరు, కారణం రాసి ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లిష్ పేపర్లో ప్రకటన ఇవ్వాలి. ఆ కాగితాలతో రాష్ట్ర గెజిట్‌కు దరఖాస్తు చేయాలి. తెలంగాణవాళ్లకు ఆ ఆఫీసు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం. గెజిట్‌లో అచ్చయ్యాక ఆధార్, ఆ తర్వాత పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు, కంపెనీ రికార్డులు, ఈ వరసలో పోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి కొత్త పేరు స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోండి. పదో తరగతి మెమో పాత పేరుతోనే ఉంటుంది. దాని వెనకాల గెజిట్ కాపీ ఎప్పుడూ జత చేసి పెట్టుకోండి.

ఒక్క సలహా. పి అక్షరంతోనే కొత్త పేరు ఎంచుకున్నట్టున్నారు. ఇంటిపేరూ, సంతకంలో మొదటి అక్షరమూ అలాగే ఉంటాయి, మంచి ఆలోచనే.

ప్రశ్న: మేడమ్, మేం డాలస్‌లో ఉంటాం. మాకు బాబు పుట్టాడు. నా భార్య పేరులో కృప ఉంది. ఆ పేరు కలిసేలా ఇంటర్నెట్‌లో వెతికి "కృపణ్" అని ఖాయం చేశాం. దయ గలవాడు అని అర్థం ఇచ్చారు. కొత్తగా ఉంది, ఎవరికీ లేదు. మా నాన్నగారు ఫోన్‌లో విని ఏమీ అనకుండా పెట్టేశారు. వచ్చే వారం బారసాల. ఆయన ఎందుకు అలా చేశారో అర్థం కావడం లేదు.

జవాబు: బారసాల లోపలే రాశారు, సంతోషం. నాయనా, కృపణుడు అంటే లోభి, దీనుడు. పిల్లికి బిచ్చం పెట్టనివాడిని మన పాత పుస్తకాలు కృపణుడనే అంటాయి. భగవద్గీత రెండో అధ్యాయం 49వ శ్లోకంలో "కృపణాః ఫలహేతవః" అని ఉంది. ఫలం కోసమే పనిచేసేవాళ్లు దీనులు అని భావం. మీ నాన్నగారు గీత చదువుకున్న మనిషి అయ్యుంటారు. మనవడి పేరు విని ఏమనాలో తోచక ఫోన్ పెట్టేసి ఉంటారు.

కృప, కృపణ ఒక చోట పుట్టినట్టే కనిపిస్తాయి గానీ, వాడుకలో ఒకటి ఇచ్చేవాడి మనసు, ఇంకొకటి ఇవ్వలేనివాడి బతుకు. పేర్ల వెబ్‌సైట్లు చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి. ఒక చోట తప్పు పడితే ఇరవై చోట్ల అదే తప్పు కనిపిస్తుంది, ఇరవై చోట్ల ఉంది కాబట్టి నిజమే అనుకుంటాం. ఈ మధ్య నాకు వచ్చిన పేర్లలో నికృతి ఉంది. ప్రకృతిలా వినపడుతుంది, అర్థం మోసం. కైతవ్ ఉంది. కవితలా వినపడుతుంది, అర్థం కపటం. రుధిర అని పాపకు పెట్టుకున్న దంపతులు మధుర లాంటిదే అనుకున్నారు. రుధిరం అంటే నెత్తురు. వీళ్లందరూ చదువుకున్నవాళ్లే, పాపాయి కోసం నెలల తరబడి వెతికినవాళ్లే. అంత ప్రేమతో వెతికి చివరికి నిఘంటువు ఒక్కటి తెరవకపోవడం నాకు బాధనిపిస్తుంది. శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువు ఇప్పుడు ఫోన్‌లోనే చూడవచ్చు. సంస్కృతం పేరయితే దానికీ నిఘంటువులున్నాయి. లేదంటే మీ ఊరి తెలుగు మాస్టారికి ఒక్క ఫోన్ చేయండి.

మీకు కృప కావాలంటే కృపాకర్ ఉంది, కృపాల్ ఉంది, కృపానిధి ఉంది. ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి, పేరు ఆయన్నే ఎంచమనండి. బియ్యంలో ఉంగరంతో ఆ పేరు రాసేటప్పుడు ఆయన్ని వీడియోలోనైనా చూడనివ్వండి.

ప్రశ్న: అమ్మా, నేను రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. మా మనవడు హస్త నక్షత్రం మూడో పాదంలో పుట్టాడు. "ణ" అక్షరంతో పేరు పెట్టాలన్నారు. అల్లుడు "ణవిష్" అంటున్నాడు. పలకడానికి నాకే రావడం లేదు. శాస్త్రం తప్పితే దోషమా?

జవాబు: దోషం లేదమ్మా. హస్తకు పూ, ష, ణ, ఠ అని చెబుతారు. ఆర్ద్రకు కు, ఘ, ఙ, ఛ. ఇందులో ణ, ఙ లాంటి అక్షరాలతో మనకు మాటే మొదలవదు. వాటి వల్ల పిల్లలకు అర్థం లేని పేర్లు పడుతున్నాయి. మన పెద్దలు ఈ చిక్కుకు ఎప్పుడో దారి చూపించారు. నక్షత్ర నామం వేరు, వ్యవహార నామం వేరు. నక్షత్రం పేరు పూజలో సంకల్పానికి, తల్లిదండ్రులకు తెలిస్తే చాలు. పదిమంది పిలిచే పేరు మీ ఇష్టం. బియ్యంలో రెండు మూడు పేర్లు రాయడం అందుకే. పురోహితుణ్ణి అడిగితే ఆయనే ణకు బదులు న వాడుకోమంటారు. నవీన్ అంటే మీ నాలుక తిరుగుతుంది, వాడి నాలుకా తిరుగుతుంది.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం జిల్లా. మా చెల్లెలికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. అత్తగారింట్లో ఆ పసిదాన్ని "చాలు" అని పిలుస్తున్నారు. అదే పేరు రాయిస్తామంటున్నారు, అలా పెడితే తరవాత మగపిల్లాడు పుడతాడట. చెల్లెలు నోరెత్తలేకపోతోంది. "పేరులో ఏముంది, బాగా చూసుకుంటున్నారు కదా" అంటున్నాడు మా బావ. నేను కల్పించుకోవచ్చా?

జవాబు: కల్పించుకోండి. ఈ వారమే వెళ్లండి.

పైన పెంటయ్య ఉత్తరానికి నేను రాసింది మీరు చదివే ఉంటారు. ఆ పేరు చెవికి మోటుగా ఉంటుంది గానీ దాని లోపల "నువ్వు బతకాలి" అని ఉంది. "చాలు" చెవికి మెత్తగా ఉంటుంది, దాని లోపల "నువ్వు రాకుండా ఉండాల్సింది" అని ఉంది. పసిదానికి ఇప్పుడు తెలియదు. ఆరేళ్లు వచ్చాక తెలుస్తుంది. అన్నం వడ్డించేటప్పుడు "చాలు" అంటే తన వైపు తిరిగి చూస్తుంది. పిలిచింది తనను కాదని తెలిసి మళ్లీ పళ్లెం వైపు తిరుగుతుంది.

ఇది ఒక్క మీ చెల్లెలి ఇంటి కథ కాదు. మహారాష్ట్రలో ఇలాంటి పిల్లలకు నకుశా అని పెట్టేవారు, అంటే అక్కర్లేనిది. 2011 అక్టోబరులో సతారా జిల్లాలో 285 మంది ఆడపిల్లల్ని పిలిచి, ఒక వేడుక చేసి, కొత్త పేర్లు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చారు. అందులో పసివాళ్లూ ఉన్నారు, ఎదిగిన ఆడపిల్లలూ ఉన్నారు. తమిళనాడులో కొన్ని ఊళ్లలో వేండామ్ అనే పేరుంది, అంటే వద్దు. మన దగ్గర కాస్త మర్యాదగా సంపూర్ణ అంటారు. నా క్లాసుల్లో సంపూర్ణ అనే పిల్ల చేరినప్పుడల్లా "మీరు ఎంతమంది అక్కచెల్లెళ్లమ్మా?" అని అడిగేదాన్ని. అందరిలోకీ చిన్నది తనే అని జవాబొచ్చేది. ఒక సంపూర్ణ మాత్రం, ఎనిమిదో తరగతిలో, "నేనే ఆఖరు టీచర్, నా తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారు" అంది. పదమూడేళ్ల పిల్లకు తన పేరు వెనక ఉన్న ఆస్పత్రి సంగతి తెలుసు. సంపూర్ణ మంచి మాటే, నిండుతనం. ఆ పేరున్న పిల్లకు ఆ నిండుతనం గురించి ఎవరూ చెప్పలేదు, ఆపరేషన్ గురించే చెప్పారు. ఆ రోజు ఆ పిల్లకు పూర్ణ అనే మాటతో ఎన్ని మంచి మాటలొస్తాయో బోర్డు మీద రాసి చూపించాను. పూర్ణచంద్రుడు, పూర్ణకుంభం, పరిపూర్ణం, అన్నపూర్ణ. నేను చేయగలిగింది అంతే.

మీ బావగారితో వాదనకు దిగొద్దు. మగపిల్లాడా ఆడపిల్లా అన్నది తండ్రి నుంచి వచ్చే కణంలోని క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుందని, ముందు పుట్టిన పిల్ల పేరును బట్టి కాదని ఊళ్లో ఏఎన్‌ఎమ్‌తో చెప్పించండి, ఆమె మాట వింటారు. రికార్డు సంగతి మీ చేతుల్లో ఉంది. పుట్టిన రిజిస్ట్రేషన్ పేరు లేకుండానే చేయించుకోవచ్చు. ఏడాది లోపల పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకూ ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. కాబట్టి "చాలు" అని రాయించేలోపు మీరే ముందు కార్యాలయానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు మీ చెల్లెల్ని తీసుకెళ్లండి. పాపకు ఏ పేరు పెట్టాలని ఉందో ఆమెను ఇంతవరకూ ఎవరైనా అడిగారా? ఉత్తరంలో అది లేదు. అడగండి. ఆమె చెప్పిన పేరే రాయించండి. ఆ పేరేమిటో నాకు రాస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. నేను 1979 జూలైలో పుట్టాను. నా పేరు స్కైలాబ్. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, కాలేజీ ఫారంలో తండ్రి పేరు చూసి స్నేహితులు అడుగుతున్నారట. దానికి ఏం చెప్పాలి?

జవాబు: జరిగింది జరిగినట్టు చెప్పండి తమ్ముడూ, మంచి కథ అది. స్కైలాబ్ అమెరికావాళ్ల మొదటి అంతరిక్ష కేంద్రం. 1973 మేలో పైకి పంపారు. ఆరేళ్లకు అది కట్టు తప్పి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదు. రేడియోలో ఆ వార్త వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. మా ఊళ్లో కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారు, పోయేటప్పుడు కడుపు నిండా తిని పోదామని. దాచుకున్న డబ్బు తీసి ఖర్చుపెట్టినవాళ్లున్నారు. ఊరు వదిలి పోయిన పెద్దకొడుకుల్ని పిలిపించుకుని అందరూ ఒక్క ఇంట్లో పడుకున్నారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి భాగంలో ముక్కలై పడింది. తెల్లారి అందరూ బతికే ఉన్నారు. ఆ దినాల్లో పుట్టినందుకు మీకు ఆ పేరు పెట్టారు. తెలంగాణలో మీ పేరున్నవాళ్లు మరికొందరున్నారు.

కాలాన్ని పట్టుకుని పేరు పెట్టడం మనవాళ్లకు అలవాటే. కమ్యూనిస్టు ఇళ్లలో లెనిన్, స్టాలిన్, గగారిన్ అని పెట్టుకున్నారు. తమిళనాడు నాయకుడు స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు, నాలుగు రోజులకే రష్యాలో ఆ స్టాలిన్ చనిపోతే తండ్రి ఆ పేరు పెట్టారు. 2020లో కడప జిల్లాలో పసివాళ్లకు కరోనా పేరు పెట్టిన వార్త చదివి మాత్రం నా మనసు ఒప్పలేదు. స్కైలాబ్ ఎవరి మీదా పడలేదు. కరోనా మన ఇళ్లల్లో మనుషుల్ని తీసుకుపోయింది. ఆ పిల్లల క్లాసులోనే ఆ జబ్బుకు తాతనో నాన్ననో పోగొట్టుకున్న పిల్ల కూర్చుని ఉంటుంది. ఇప్పటికైనా ఆ తల్లిదండ్రులు మార్చి ఉంటే బాగుండునని నా ఆశ.

ప్రశ్న: మెల్‌బోర్న్ నుంచి. మా బాబు పేరు హర్షిత్. ఇంగ్లిష్‌లో చివర హెచ్ లేకుండా రాయించాం. చివరి నాలుగు అక్షరాలు ఇక్కడ బూతు మాట అని స్కూల్లో చేర్చే ముందు పక్కింటివాళ్లు చెప్పారు. మార్చడం అవసరమా?

జవాబు: అవసరం. స్కూల్లో చేరేలోపే మార్చండి. మన తెలుగువాళ్లకు "త"ను టి, హెచ్ కలిపి రాసే అలవాటు ఇక్కడ ఎలాగూ ఉంది. ఆ హెచ్ చేరిస్తే సగం బాధ పోతుంది. మిగతా సగం కోసం స్కూల్లో పిలిచే పేరుగా హర్ష అని రాయించండి. ఆ ఒక్క అక్షరం బద్ధకించి వదిలేస్తే పన్నెండేళ్లు వాడు పడాలి. రక్షిత్, అర్షిత్ లాంటి పేర్లు అనుకుంటున్న విదేశాల్లోని తల్లిదండ్రులు కూడా ముందు కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి, అక్కడ పుట్టి పెరిగిన ఒక పిల్లాడికి చూపించండి. వాడి ముఖం చూస్తే మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఒంగోలు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో కొత్తగా చేరిన టీచర్‌ను. ఆరో తరగతిలో ఒక పాప పేరు పిచ్చమ్మ. నానమ్మ పేరట. హాజరు పిలిస్తే క్లాసంతా నవ్వుతుంది. పాప పలకదు, చెయ్యి మాత్రం ఎత్తుతుంది. రెండు వారాలుగా నేను ఆ పేరు పిలవకుండా చూసి టిక్ పెట్టేస్తున్నాను. ఇది సరైనదేనా?

జవాబు: లేదమ్మా. మీరు మంచి మనసుతోనే చేస్తున్నారు. కానీ రోజూ అందరి పేర్లూ పిలిచి తన పేరు ఒక్కటే వదిలేస్తే, అది పైకి చెప్పకూడని పేరని టీచరే ఒప్పుకున్నట్టు ఆ పాపకు అర్థమవుతుంది.

నాకూ ఒక పిచ్చమ్మ ఉండేది, 1988లో, ఏడో తరగతిలో. ఆ పిల్లా అచ్చం ఇలాగే చెయ్యి ఎత్తేది. నవ్వొద్దని క్లాసును రెండుసార్లు కోప్పడ్డాను, ఫలితం లేదు. భయంతో ఆ పూట ఆగేవారు, బెల్లు కొట్టాక బయట ఇంకా ఎక్కువ చేసేవారు. అప్పుడు ఒక రోజు పాఠం పక్కన పెట్టి పేర్ల పాఠం చెప్పాను. సంస్కృతంలో భిక్ష. తమిళానికి పోయి అది పిచ్చై అయింది, అర్థం అదే, భిక్ష. దేవుడు భిక్షగా ఇచ్చిన బిడ్డ అని అక్కడ పిచ్చై అని పేరు పెట్టుకుంటారు. మన పిచ్చయ్య, పిచ్చమ్మ కూడా ఆ కుదురులోవేనని నా నమ్మకం. పిచ్చికీ దానికీ సంబంధం లేదు. బాల్ బ్యాడ్మింటన్‌లో 1970 అర్జున అవార్డు అందుకున్న జమ్మలమడక పిచ్చయ్యగారి గురించి చెప్పాను. క్లాసులో ఆటల పిల్లలకు అది బాగా పట్టింది. ఇప్పుడైతే గూగుల్ సుందర్ పిచ్చై పేరులోని పిచ్చై కూడా ఈ మాటేనని మీరు చెప్పవచ్చు. ఆ తర్వాత ప్రతి పిల్లా తన పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రాసుకుని రమ్మన్నాను.

మర్నాడు వచ్చినవి నేను అనుకోని సంగతులు. బాగున్న పేర్ల పిల్లల్లో చాలామందికి రాయడానికి ఏమీ లేదు, "సినిమాలో చూసి పెట్టారు" అని ఒక్క వాక్యం. పిచ్చమ్మ పేజీన్నర రాసింది. నాయనమ్మ పేరు, ఆమె పొలం ఎలా కాపాడింది, తాత పోయాక నలుగురు పిల్లల్ని ఎలా పెంచింది. నేను ఆ పిల్లను చదవమనలేదు, తనే లేచి చదివింది. ఇప్పుడు మీ పాపకు కూడా నానమ్మ ఉంటుంది కదా, ఉంటే ఒక పూట బడికి పిలవండి. ఆమె చేతే మనవరాలి పేరు క్లాసులో పిలిపించండి.

ఇన్ని చేసినా ఆ పాపకే పేరు వద్దనిపిస్తే దారి ఉంది. నానమ్మ ఒప్పుకుంటేనే, తల్లిదండ్రులు కలిసి వస్తేనే. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, వెళ్లేలోపు, పుట్టిన సర్టిఫికెట్టూ ఆధార్ సరిచేయించుకుని స్కూలు రికార్డు మార్పించుకోవాలి. ఆ తర్వాత చాలా కష్టం. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ సర్టిఫికెట్ల కేసులో, పేరు మనిషి వ్యక్తిత్వంలో భాగమని, మార్చుకునే దారి పూర్తిగా మూసేయకూడదని చెప్పింది. అయినా ఆఫీసుల చుట్టూ తిరగడం తిరగడమే. మీ ప్రధానోపాధ్యాయుణ్ణి ఈ ఏడాదే అడగండి.

మా పిచ్చమ్మ మార్చుకోలేదు. అప్పటి హాజరు పట్టీలో ఆమెది 31వ నంబరు. పేర్ల పాఠం చెప్పిన మరుసటి సోమవారం ఆ నంబరు దగ్గరికి వచ్చి పేరు పిలిచాను. చెయ్యి లేవలేదు. "ప్రెజెంట్ టీచర్" అని వెనక బెంచీ నుంచి వినపడింది.